క్లచ్ వదలగానే ‘టంగ్’మంటే ముందు క్రాస్ చూడండి

అన్నా, బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో మీ లోడ్ బండి కదిలిన ప్రతిసారీ, రివర్స్ వేసినప్పుడూ కింద నుంచి ‘టంగ్’మంటోందని, మెకానిక్ గేర్‌బాక్స్ దించాలన్నాడని రాశారు. దయచేసి అప్పుడే దించనివ్వకండి. కదిలేటప్పుడు ఒక్కసారే కొట్టి, స్పీడులో వినపడట్లేదంటే నా అనుమానం ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు తిప్పుడు అందించే పొడవాటి గొట్టం) క్రాస్ మీదే. క్రాస్ అంటే ఆ షాఫ్ట్ కీలు దగ్గరుండే ప్లస్ గుర్తు ఆకారపు ముక్క.

సమంగా ఉన్నచోట ఆపి, ఇంజన్ ఆర్పి, నాలుగు చక్రాలకూ రాళ్లు గట్టిగా పెట్టి, న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేక్ వదలండి. క్రాస్‌కు అటూ ఇటూ రెండు చేతులతో పట్టుకుని ఎదురెదురుగా తిప్పండి. రెండు వైపులూ కలిసి కదలాలి. మధ్యలో కొంచెం లూజు తగిలినా క్రాస్ పోయినట్టే. క్రాస్ చివర్లనుండే కప్పుల అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండిపోయింది, సూది బేరింగులు అరిగాయి. షాఫ్ట్‌ను మధ్యలో మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందేమో కూడా చూడండి.

లోడ్ బండి కదా, దీన్ని నాన్చొద్దు. క్రాస్ విరిగితే షాఫ్ట్ రోడ్డు మీద పడుతుంది, చాలా ప్రమాదం. జేసీ రోడ్డులో క్రాస్ దొరుకుతుంది. షాఫ్ట్ విప్పేముందు ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే పళ్లెం) మీద సుద్దతో గుర్తు పెట్టించండి, బిగించేటప్పుడు ఆ స్థానం మారితే వైబ్రేషన్ మొదలవుతుంది.

క్రాస్ బిగుతుగానే ఉంటే స్లిప్ జాయింట్‌కు (షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జారే అతుకు) గ్రీజు కొట్టించి, పట్టీల (లీఫ్ స్ప్రింగుల) యూ బోల్టులు బిగించి చూడండి. గేర్‌బాక్స్, హౌసింగ్ (వెనక ఇరుసు గేర్ల పెట్టె) సంగతి ఆ తర్వాతే.