థైరాయిడ్ మాత్ర మానేస్తే సోడియం పడిపోతుందా?

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. థైరాయిడ్‌కు, బీపీకి మందులు వాడుతోంది. ఊరెళ్లి రెండు నెలలు థైరాయిడ్ మాత్ర మానేసింది. ఇప్పుడు నీరసం, పిక్కలు పట్టేయడం, అడిగిందే మళ్లీ అడగడం. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 46 (బాగా ఎక్కువట), రక్తంలో సోడియం 127 వచ్చాయి. ఉప్పు ఎక్కువ పెట్టమని, కొబ్బరినీళ్లు తాగించమని అందరూ చెబుతున్నారు. పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: వద్దమ్మా. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. 127కి తోడు మతిమరుపు కూడా ఉందంటున్నారు కాబట్టి ఇవాళే ఫిజీషియన్‌కు చూపించండి.

చారులో ఉప్పు సరిగ్గానే వేసి, తర్వాత రెండు గ్లాసుల నీళ్లు పోస్తే చప్పబడుతుంది కదా. ఇక్కడా చాలావరకు అదే సంగతి. థైరాయిడ్ హార్మోన్ బాగా తగ్గితే గుండె పంపే రక్తం తగ్గుతుంది, కిడ్నీలకు చేరేదీ తగ్గుతుంది. దాంతో నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ హార్మోన్ పెరుగుతుంది. ఒంట్లో నీరు నిలిచి సోడియం పలచబడుతుంది. ఉప్పు పెంచితే బీపీ పెరగొచ్చు. కొబ్బరినీళ్లలో ఉండేది ఎక్కువగా పొటాషియం, సోడియం కొంచెమే. ఎండలని బలవంతంగా నీళ్లు పట్టించడం కూడా ఆపండి.

అయితే నేరమంతా థైరాయిడ్ మీదే వేయలేను. సోడియం ఇంతగా తగ్గడానికి అదొక్కటే కారణం కావడం అరుదు. నా అనుమానం బీపీ మాత్ర మీద. స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటి పేరుంటే డాక్టర్‌కు తప్పక చూపించండి, ఇవి మూత్రం ఎక్కువ చేసే మందులు, సోడియాన్ని తగ్గించగలవు. హైడ్రోక్లోరోథయజైడ్‌ను మరో మందుతో కలిపిన మాత్రల్లో చాలావాటికి పేరు చివర 'హెచ్' (H) అని మాత్రమే ఉంటుంది, అందుకే కళ్లబడదు. డిప్రెషన్, నిద్ర మందులేవైనా ఉంటే అవీ చెప్పండి. మీకై మీరు ఏదీ ఆపొద్దు.

థైరాయిడ్ మాత్ర పాత మోతాదును ఇంట్లోనే ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వయసులో ముందు గుండె పరిస్థితి చూడాలి. కార్టిసాల్ పరీక్ష కూడా అడగండి, అది అడ్రినల్ గ్రంథి తయారుచేసే హార్మోన్. అడ్రినల్ గ్రంథి లోపం ఉండగా థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్రలోని మందు) ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆస్పత్రిలో సోడియం నెమ్మదిగా పెంచుతుంటే కంగారు పడకండి, వేగంగా పెంచితే మెదడు దెబ్బతింటుంది.

వాంతులు, మగత, ఫిట్స్ కనిపిస్తే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.

మాత్ర మళ్లీ మొదలయ్యాక పరగడుపున, ఉత్త నీళ్లతో, చాయ్‌కి అరగంట నుంచి గంట ముందు వేయండి. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ చేయించండి. సోడియం ఎప్పుడు చూడాలో మీ డాక్టర్ చెబుతారు, దానికి అన్నాళ్లు ఆగకూడదు.