ఓడ ఊగేటప్పుడు కొలిచి చూడు, బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కొత్త విమాన వాహక నౌక మీదికి ఏ యుద్ధ విమానం సరిపోతుందో చూసే జట్టులో నిన్ను వేశారట. విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సంతోషం ఎంతుందో భయమూ అంతే ఉంది. దేవరకొండ పక్క పల్లెలో పుట్టి, నేవీలో చేరేదాకా నాగార్జునసాగర్ నీళ్లనే సముద్రమనుకున్నవాణ్ణి. 1978 నుంచి ఇరవై ఏళ్లు ఓడల మీద విమానాలు తోశాను. ఏ విమానం కొనాలని నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ మాట నా చెల్లెలి బిడ్డను అడుగుతున్నారు. మీ తాత ఉంటే ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాడు.

మూడు వారాల నుంచి నీకు తెలుసట కదా. నాకెందుకు చెప్పలేదు? మామ టెన్షన్ పడతాడని మీ అమ్మతో అన్నావట. పడతాను. చెప్పకపోతే ఇంకా పడతాను. అది గుర్తుపెట్టుకో.

ధర, వేగం, ఎంత దూరం పోతుంది, ఏ క్షిపణులు మోస్తుంది, ఇవన్నీ మీ జట్టులో అందరూ చూస్తారు. నేను రాయను.

నువ్వు మొదట ఓడను చూడు. విమానం ఎంత గొప్పదైనా ఓడ ఒప్పుకోవాలి. బ్రిటన్ వాళ్లు కొత్త ఓడ కడుతూ 2010లో మనసు మార్చుకున్నారు. కాటపుల్ట్, అంటే విమానాన్ని డెక్ మీద నుంచి ముందుకు విసిరే యంత్రం, అది పెట్టి ఎఫ్-35సి యుద్ధ విమానం తెస్తామన్నారు. ఆ మార్పుకు ఎంత ఖర్చవుతుందో తేలాక 2012 మేలో మళ్లీ మొదట అనుకున్న, కాటపుల్ట్ అక్కర్లేని ఎఫ్-35బికే వచ్చారు. అంత అనుభవమున్న నేవీకే అట్లా అయ్యింది. ఇప్పుడున్న మన విమాన వాహక నౌక విక్రాంత్‌కు కాటపుల్ట్ లేదు, ముందు వైపు పైకి లేచిన స్కీ జంప్ ఉంది. అక్కడ విమానాన్ని ఎవరూ విసిరెయ్యరు, తన ఇంజన్ బలంతోనే అది లేవాలి. బలం చాలకపోతే ఇంధనమన్నా తగ్గించాలి, బాంబులన్నా దించాలి. అందుకే 2022లో ఫ్రాన్స్ వాళ్ల రఫేల్‌నూ అమెరికా వాళ్ల సూపర్ హార్నెట్‌నూ గోవాకు రప్పించి, నేల మీద కట్టిన స్కీ జంప్ నుంచి ఎగిరించి చూశారు. కంపెనీ వాళ్లు "ఎగురుతుంది" అంటే నువ్వు "ఎంత బరువుతో?" అని అడుగు. జవాబు కాగితం మీద రాయించుకో.

దిగడం ఇంకో సంగతి. నేల మీద దిగే విమానం మెల్లగా ఆనుతుంది. ఓడ మీద దిగేది దబ్బున పడుతుంది, దాని తోక కింది హుక్ డెక్‌కు అడ్డంగా కట్టిన తీగకు తగలాలి, తగలకపోతే మళ్లీ లేచి పోవాలి. ఆ దెబ్బ రోజూ తినే కాళ్లు కావాలి దానికి. మన తేజస్ నేవీ విమానం 2020 జనవరి 11న మన ఇంకో వాహక నౌక విక్రమాదిత్య మీద తీగ పట్టి ఆగినప్పుడు నేను టీవీ ముందు లేచి నిలబడ్డాను. మీ అత్త భయపడి నీళ్లు తెచ్చింది.

ఇక విమానాల్ని ఓడ కింది అంతస్తు నుంచి డెక్ మీదికి తెచ్చే లిఫ్టులు. మీ అమ్మ పెళ్లప్పుడు కొన్న టేకు బీరువా తలుపులోంచి పట్టక మీ నాన్న గుమ్మం కొట్టించిన కథ నీకు తెలుసు. ఓడలో గుమ్మం కొట్టించలేవు. విక్రాంత్ లిఫ్టులు కట్టేటప్పుడు లెక్కలో ఉన్నది రష్యా వాళ్ల మిగ్-29కె, దాని రెక్కలు మడుస్తారు. రఫేల్ రెక్కలు మడవవు, కొస నుంచి కొసకు దాదాపు 11 మీటర్లు. 2025 ఏప్రిల్‌లో ఒప్పందమైన 26 రఫేల్‌లలో రెండు సీట్లవి నాలుగు ఓడ మీద దిగేవి కావు, అవి నేల మీద శిక్షణకే. ఇట్లాంటివి పేపర్లో చిన్న అక్షరాల్లో వస్తాయి. చిన్న అక్షరాలు చదువు.

లిఫ్టు మాట వచ్చింది కాబట్టి నేను ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పనిది చెప్తాను. ఏ ఓడో రాయను, తప్పు ఓడది కాదు, నాది.

విమానాన్ని లాగే టో బార్ కొత్తది వచ్చింది. పాతదానికంటే గట్టిది, కొంచెం పొడుగు. పనికొస్తుందో లేదో చూసి రాయమని నాకిచ్చారు. ఓడ జెట్టీకి కట్టి ఉంది. ఎండ పూట, గాలి కూడా లేదు. విమానాన్ని లిఫ్టు దాకా లాగించాను. బార్ పొడుగు వల్ల విమానం బార్‌తో సహా లిఫ్టులో పట్టలేదు. అంచు దగ్గర బార్ విప్పి, ఆఖరి రెండడుగులు మనుషులం తోశాం. అర నిమిషం పని. నాలుగు సార్లు చేశాం, నాలుగు సార్లూ మంచిగానే అయ్యింది. "సరిపోతుంది" అని రాసి సంతకం పెట్టాను.

వానాకాలం సముద్రంలో ఉన్నాం. రాత్రి పూట, డెక్ తడిగా ఉంది. విమానాన్ని లిఫ్టు అంచుకు తెచ్చి బార్ విప్పాం. ఆ అర నిమిషం విమానాన్ని పట్టుకునేది కాక్‌పిట్లో కూర్చున్నవాడి బ్రేకు, చక్రం కింద పెట్టే చెక్క, అంతే. ఓడ ఒక పక్కకు ఒరిగింది. విమానం ఎంత కదిలిందనుకున్నావు? జానెడు. శ్రీకాకుళం పిల్లవాడు ఒకడు అప్పుడే చెక్క పెడుతున్నాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు. అరుపు కూడా పెద్దగా వినపడలేదు, ఇంజన్ల మోత. టార్చి వేస్తే చెయ్యి కనపడింది.

కుడి చెయ్యి. రెండు వేళ్లు పోయాయి.

విచారణలో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి మరి. కానీ నేను కొలిచింది కదలని ఓడలో. ఇంకోటి, తోసేవాళ్లను నేను ఒక్క మాట అడగలేదు. ఆ పిల్లవాడిని అడిగితే చెప్పేవాడు: "అన్నా, బార్ విప్పినాక దీన్ని ఎవరు పట్టుకుంటారు?" తర్వాత ఆస్పత్రిలో అదే మాట అన్నాడు, కోపం లేకుండా.

మరుసటి ఏడు మీ అమ్మ పెళ్లికి నల్లగొండ వచ్చాడు. పంక్తిలో కూర్చున్నాడు. పప్పు వడ్డిస్తున్నది నేనే. మూడు వేళ్లతో అన్నం కలుపుకుంటుంటే చూసి, గిన్నె పక్కవాడి చేతిలో పెట్టి పెరట్లోకి పోయాను. అన్న చెల్లెలి పెళ్లికి ఏడ్చాడని అందరూ అనుకున్నారు.

అందుకే చెప్తున్నా. రెక్కల కొలతలు కంప్యూటర్లో సరిపోయాయని వదిలెయ్యకు. ఓడ ఊగేటప్పుడు, టైర్లలో గాలి తగ్గినప్పుడు, ఒక పక్కే బాంబులున్నప్పుడు, రాత్రి పూట, తడిలో, లిఫ్టు అంచుకూ విమానానికీ మధ్య ఎంత మిగులుతుంది? ఆ మిగిలే చోట మనిషి నిలబడతాడు. బార్‌లు, ట్రాలీలు, నిచ్చెనలు కూడా విమానంతో పాటే లెక్కపెట్టు.

ఇంకొక్కటి. ఎన్ని కొంటారని కాదు, పొద్దున లేచి చూస్తే ఎన్ని ఎగురుతాయి? 2016లో ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక చూడు, ఒంటి సీటు మిగ్-29కెలలో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 38 శాతం దాటలేదు. ఇంజన్ ఓడలోనే మార్చగలరా, ఎంతసేపు పడుతుంది, సామాను ఏ దేశం నుంచి రావాలి, అడుగు. ఉప్పు గాలి సంగతీ అడుగు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి మనుషుల ఎముకల్ని ఏం చేశాయో మన జిల్లా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉప్పు కూడా లోహాన్ని అట్లాగే తింటుంది, పైకి తెలియనివ్వదు.

పొద్దున టిఫిన్ మానేస్తున్నావట. మానకు. దసరాకు రా, మీ అత్త నీకిష్టమని జొన్న రొట్టెలు చేస్తానంటోంది.

రిపోర్టు రాసే ముందు శ్రీకాకుళం ఆయనకు ఒకసారి ఫోన్ చెయ్యి. నంబర్ మీ అమ్మ దగ్గరుంది. నేను నిన్ననే మాట్లాడాను, నువ్వు చేస్తావని ఎదురు చూస్తున్నాడు. ఆయన్ను కూడా మామా అనే పిలువు.

నీ మేనమామ