నార్త్ కరోలినాలో ఓపియాయిడ్ సెటిల్‌మెంట్ డబ్బు: కౌంటీ లెక్క ఎక్కడ చూడాలి, ఎవరిని అడగాలి

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. ఓపియాయిడ్‌లు (వ్యసనంగా మారే బలమైన నొప్పి మందులు) తయారు చేసి అమ్మిన కంపెనీలు కేసుల రాజీ (సెటిల్‌మెంట్) కింద కట్టిన డబ్బును రాష్ట్రం ఎలా పంచుతోంది, ఎవరి అజమాయిషీలో ఉంది అన్నది ఒకటి. క్యారీలో మీరు నడిపే చిన్న స్వచ్ఛంద సంస్థ అందులో కొంత అడగాలంటే ఎక్కడికి వెళ్లాలన్నది రెండోది. రెండోదానికే ముందు జవాబు చెప్తాను: రాలీలో రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరగకండి. మీ పని కౌంటీ దగ్గర ఉంది.

ఎందుకంటే వచ్చిన ప్రతి 100 డాలర్లలో రాష్ట్రానికి పోయేది 15 మాత్రమే. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో శాసనసభ తేలుస్తుంది. అది మామూలు బడ్జెట్ రాజకీయం, మీకు దానితో పెద్దగా పని లేదు. మిగిలిన 85 డాలర్లు 100 కౌంటీలకు, కొన్ని పట్టణాలకు. ఆ 85లో 80 మామూలు వాటా. 5 ప్రోత్సాహకం, జనాభా 30,000 దాటిన పట్టణాలన్నీ పంపకం ఒప్పందం మీద సంతకం పెట్టిన కౌంటీలకు దక్కేది. ఈ డబ్బు రాష్ట్ర ఖజానాలో మునిగి తేలి రాదు. సెటిల్‌మెంట్ నిర్వాహక సంస్థ బ్రౌన్‌గ్రీర్ నేరుగా కౌంటీకే పంపుతుంది. ఏ కౌంటీకి ఎంత అన్నది మూడు లెక్కల మీద కట్టారు: అక్కడికి చేరిన ఓపియాయిడ్ మాత్రల మోతాదు, వ్యసనంలో ఉన్నవాళ్ల సంఖ్య, ఓవర్‌డోస్ చావులు. కౌంటీ పెద్దదైనంత మాత్రాన తలకు ఎక్కువ రాదు.

మొత్తం ఎంతో కూడా చెప్పుకుందాం. 2021లో మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బెర్గెన్ అనే మూడు పంపిణీ సంస్థలు, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి దేశమంతటికీ 26 బిలియన్ డాలర్ల దాకా కట్టడానికి ఒప్పుకున్నాయి. తర్వాత వాల్‌మార్ట్, సీవీఎస్, వాల్‌గ్రీన్స్, టెవా, అలర్‌గాన్ వచ్చి చేరాయి. నార్త్ కరోలినా వాటా 2038 దాకా ఒకటిన్నర బిలియన్ దరిదాపుల్లో ఉంటుంది. అయితే ఇది నెలనెలా పడే జీతం లాంటిది కాదు. పంపిణీ సంస్థలు 18 ఏళ్లు కడతాయి, వాల్‌గ్రీన్స్ 15 ఏళ్లు, సీవీఎస్ 10. వాల్‌మార్ట్ చాలా మటుకు మొదట్లోనే కట్టేసింది. అంటే ముందు ఏళ్లలో ఎక్కువ, పోనుపోను తక్కువ. పైగా కట్టాల్సిన కంపెనీ దివాలా తీస్తే వాయిదాలు కోసుకుపోతాయి. ఓపియాయిడ్ మందుల తయారీ సంస్థ మాలిన్‌క్రాట్ 2023లో రెండోసారి దివాలాకు వెళ్లి బాకీలో ఒక బిలియన్ తగ్గించుకుంది. మొదటి ఏడాది అంకె చూసి పర్మనెంటు ఉద్యోగాలు వేసిన కౌంటీకి ఐదారేళ్లకు గుక్క తిరగదు.

ఇక అజమాయిషీ. 1998 పొగాకు సెటిల్‌మెంట్ డబ్బు చాలా రాష్ట్రాల్లో రోడ్లకో, బడ్జెట్ చిల్లులకో పోయింది. ఆ అనుభవంతోనే ఈసారి రాష్ట్రం, కౌంటీలు కలిసి ముందే ఒక ఒప్పందం రాసుకున్నాయి. దాన్ని ఎంఓఏ (మెమొరాండమ్ ఆఫ్ అగ్రిమెంట్) అంటారు. అందులో పనికొచ్చేవి నాలుగే.

మొదటిది, డబ్బు ప్రత్యేక రెవెన్యూ ఫండ్‌లో విడిగా ఉండాలి. కౌంటీ మామూలు ఖర్చుల ఖాతా అయిన జనరల్ ఫండ్‌లో కలపకూడదు. దాని మీద వచ్చిన వడ్డీ కూడా అదే పనికి వాడాలి. వడ్డీని జనరల్ ఫండ్‌లో జమ చేసేయడం చాలా సులువుగా జరిగే తప్పు. దురుద్దేశం ఉండనక్కర్లేదు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మిగతా డబ్బుతో పాటు దీని వడ్డీ కూడా అటే పోయేలా పెట్టి ఉంటుంది, అంతే.

రెండోది, ఖర్చుకు రెండు దారులు. ఆప్షన్ ఏ అంటే ఒప్పందానికి జత చేసిన ఎగ్జిబిట్ ఏ అనే జాబితాలోని 12 అంశాల్లోంచి ఎంచుకోవడం: ఉమ్మడి ప్రణాళిక, ఆధారాలున్న చికిత్స, కోలుకునేవాళ్లకు తోడ్పాటు, వాళ్లకు ఇంటి వసతి, ఉద్యోగ సాయం, పిల్లల్లో ముందస్తు జోక్యం, నలోక్సోన్ (ఓవర్‌డోస్‌ను తిప్పికొట్టే మందు) పంపిణీ, ఓవర్‌డోస్ తర్వాత ఇంటికెళ్లి పలకరించే బృందం, సిరంజి సేవలు, అరెస్టు బదులు చికిత్సకు మళ్లించడం, జైల్లో చికిత్స, విడుదలయ్యాక తోడు. ఆప్షన్ బీ జాబితా (ఎగ్జిబిట్ బీ) ఇంకా పెద్దది, కానీ దానికి వెళ్లాలంటే ముందు ఎగ్జిబిట్ సీ ప్రకారం అందరినీ కూర్చోబెట్టి ప్రణాళిక వేసి, ఆ నివేదికను కౌంటీని నడిపే కమిషనర్ల బోర్డు ముందు పెట్టాలి. ఈ మెట్టు ఎక్కకుండా బీ అంశం మీద ఖర్చు పెడితే ఆ ఖర్చు చెల్లదు. షెరీఫ్‌కు గస్తీ కార్లు, జైలుకు స్కానర్లు లాంటివి ఆ పన్నెండులో ఎక్కడా లేవు.

మూడోది తీర్మానం. మీరు అసలు పట్టుకోవాల్సిన కాగితం ఇదే. కమిషనర్ల బోర్డు బడ్జెట్‌లోనో తీర్మానంలోనో మూడు మాటలు రాయాలి: ఇది ఓపియాయిడ్ సెటిల్‌మెంట్ డబ్బు ఖర్చుకు అనుమతి అని, ఎగ్జిబిట్ ఏ లేదా బీ లో ఏ నంబరు అని, దానికి ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని. సరైన తీర్మానం ఇలా ఉంటుందనుకోండి: "ఎగ్జిబిట్ ఏ, అంశం 11, జైల్లో వ్యసన చికిత్స, 2,40,000 డాలర్లు, 2025 జులై 1 నుంచి 2026 జూన్ 30 వరకు." బలహీనమైనది ఇలా: "ఓపియాయిడ్ కార్యక్రమాలకు 5,00,000 డాలర్ల వరకు." రెండోదాంట్లో నంబరు లేదు, విడివిడి మొత్తాలు లేవు, కాలం లేదు. డబ్బు ఎవరూ దొంగిలించకపోయినా, ఏడాది చివర ఎంత దేనికి పోయిందో చెప్పలేని స్థితి ఇక్కడే మొదలవుతుంది. పాత తీర్మానాలు బోర్డు మినిట్స్‌లో ఉంటాయి, అడిగితే క్లర్క్ ఇవ్వాలి.

నాలుగోది రిపోర్టులు. ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. 90 రోజుల్లో ఆర్థిక నివేదిక, ఖర్చు పెట్టిన ఏడాదైతే దాంతో పాటు ఫలితాల నివేదిక ఇవ్వాలి. ఫలితాల నివేదికలో మూడు ప్రశ్నలు: ఎంత పని చేశారు, ఎంత బాగా చేశారు, ఎవరి బతుకైనా మెరుగైందా. మూడోదానికి జవాబు రాయడానికే అందరూ తంటాలు పడతారు. ఎంతమందికి నలోక్సోన్ ఇచ్చామో చెప్పడం తేలిక, ఆర్నెల్ల తర్వాత చికిత్సలో నిలబడ్డవాళ్లెందరో చెప్పాలంటే మొదటి రోజు నుంచే పేర్లు, తేదీలు రాసుకోవాలి. ఈ వివరాలు కోర్-ఎన్‌సీ అనే వెబ్‌సైట్‌లో కౌంటీల వారీగా కనిపిస్తాయి. మీ మొదటి మజిలీ అదే కావాలి.

తప్పు ఖర్చు బయటపడితే 60 రోజుల్లో ఆ మొత్తాన్ని సరైన పనికి పెట్టి సరిదిద్దుకోవాలి. లేదంటే రాబోయే వాయిదాల్లోంచి కోస్తారు. రావలసిన వాయిదాలు దానికి చాలకపోతే అటార్నీ జనరల్ కోర్టుకెళ్లవచ్చు. ఏటా స్వతంత్ర ఆడిట్ సరేసరి. అయినా ఒక చిల్లు ఉంది. కౌంటీ ఇంతకుముందు తన డబ్బుతో చేస్తున్న పనినే ఈ డబ్బుతో చేసి, మిగిలింది వేరే పద్దుకు మళ్లించుకోవడాన్ని జాతీయ ఒప్పందం నిషేధించలేదు. కాగితం మీద అంతా సక్రమంగానే ఉంటుంది, కొత్త సేవ మాత్రం ఒక్కటీ పుట్టదు. దీన్ని పట్టుకోవాలంటే పాత మూడేళ్ల బడ్జెట్ పక్కన పెట్టుకుని పోల్చాలి.

ఇప్పుడు మీ సంస్థ సంగతి. పెద్దలకు అవగాహన సదస్సు, బ్యానరు, భోజనాలు అని రాస్తే ఎగ్జిబిట్ ఏ లో దానికి చోటు దొరకడం కష్టం. స్కూలు వయసు పిల్లల్లో ఇబ్బందిని ముందే గుర్తించే శిక్షణ అయితే అంశం 6 కిందికి వస్తుంది. కోలుకున్నవాళ్లే తోడుగా ఉండే పని అంశం 3. మన తల్లిదండ్రులు పరువు పోతుందని చెప్పుకోని విషయం కాబట్టి తెలుగులో మాట్లాడే మనిషి ఉండటం మీ బలమే, కానీ దరఖాస్తులో ముందు అంశం నంబరు రాయండి, బలం తర్వాత. చికిత్స ఖర్చు అడిగేటప్పుడు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) కట్టేదాన్ని ఇందులో అడగకండి. 2023 డిసెంబర్ 1 నుంచి రాష్ట్రంలో మెడికెయిడ్ పరిధి పెరిగింది. ఆ అర్హత లేనివాళ్లకే ఈ డబ్బు అసలు అవసరం. జైల్లో ఉన్నవాళ్లకు మెడికెయిడ్ సాధారణంగా చెల్లించదు, అందుకే అంశం 11కు ఇక్కడ బరువెక్కువ.

కౌంటీలు చాలావరకు ఖర్చు పెట్టి బిల్లు పెడితే తిరిగి ఇచ్చే పద్ధతిలో కాంట్రాక్టు రాస్తాయి. బిల్లు పాసవడానికి నెల, రెండు నెలలు పడితే చిన్న సంస్థకు జీతాలు ఆగిపోతాయి. కాంట్రాక్టు మీద సంతకానికి ముందే, మొదటి మూడు నెలల ఖర్చు అడ్వాన్సుగా ఇవ్వగలరా అని అడగండి. పని మొదలయ్యాక అడిగితే వినరు.

ఒప్పందం ప్రకారం ప్రతి కౌంటీ ఏడాదికి ఒకసారైనా పట్టణాలను పిలిచి, జనం కూడా రాగలిగే సమావేశం పెట్టాలి. తేదీ కౌంటీ క్లర్క్‌ను అడగండి. మేనేజర్ బడ్జెట్ ప్రతిపాదన జూన్ 1 లోపు బోర్డు ముందుకు రావాలి, కాబట్టి అంకెలు కుదిరేది చలికాలంలోనే. మీ రెండు పేజీల ప్రతిపాదన జనవరిలో హెల్త్ డిపార్ట్‌మెంట్ చేతిలో ఉంటే చర్చకు వస్తుంది. మే నెలలో ఇస్తే వచ్చే ఏడాది ఫైలులోకి పోతుంది.