రేవు దాటాక: లువాంగ్ ప్రబాంగ్‌లో నాలుగు రోజులు

ప్రశ్న: టీచరుగారూ, నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో, మా అత్తగారితో లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్ వెళ్దామనుకుంటున్నాం. ఆవిడకి 70 దాటాయి, నీచు ముట్టరు. ప్యాకేజీ రాసిచ్చినాయన మూడు రోజుల్లో పదకొండు చోట్లు పెట్టాడు. ఇంకొకరేమో అక్కడ రెండో రోజుకే ఏమీ తోచదంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మీరేమో ఏకంగా దేశమే దాటుతున్నారు. సరే, ఆ మర్నాడు బయల్దేరండి. జనవరి అక్కడ మంచి నెల. తెల్లవారుజామున చలేస్తుంది, స్వెట్టర్లు పెట్టుకోండి. మార్చి, ఏప్రిల్‌కి మాత్రం వాయిదా వేయొద్దు. కొండల మీద పొలాలు కాల్చే పొగ ఊరంతా కమ్ముకుంటుంది.

ఆ పదకొండు చోట్ల కాగితం చింపేయండి. నేనూ అలాంటిదే పట్టుకుని వెళ్లాను. మొదటి రోజు సాయంత్రానికి మా అత్తగారి మోకాళ్లు వాచాయి, మనవరాలు టుక్‌టుక్‌లో వాంతి చేసుకుంది. మర్నాడు పొద్దున్నే వ్యాన్ వస్తే వెనక్కి పంపేశాను. డబ్బు తిరిగివ్వలేదు లెండి.

మెకాంగ్ నదిలో నామ్ ఖాన్ అనే ఏరు కలిసేచోట, రెండింటి మధ్య నాలుకలా సాగిన నేల మీదుంది పాత ఊరు. 1995లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆకాశాన్నంటే మేడలు లేవు. మన లంక ఊళ్లలోలాగే ఎటు నడిచినా ఏరే ఎదురొస్తుంది.

వ్యాన్ వెనక్కి పంపిన ఆ రోజు మేం చేసిందల్లా మెకాంగ్ వైపు గట్టు దిగి రేవులో కూర్చోవడం. మన గోదావరి మీదలాగే అక్కడా మనుషుల్నీ బళ్లనీ దాటించే పంటు ఉంది! ఇనప తలుపు గట్టుమీదికి దించగానే బైకులు, కూరగాయల బుట్టలు, వెనకాల ఓ వ్యాను ఎక్కాయి. మా అత్తగారు కళ్లజోడు సవరించుకుని, "ఏమే, విమానమెక్కించి తీసుకొచ్చి మళ్లీ సఖినేటిపల్లి రేవులోనే దింపావేంటే?" అంది. మోకాళ్ల సంగతి అప్పుడే మర్చిపోయింది. అవతలి ఒడ్డు పేరు చోంఫెట్. మట్టిదారిన కాస్త నడిచి, తలా ఓ కొబ్బరి బోండం తాగి, మళ్లీ పంటెక్కి వచ్చేశాం. మనవరాలు ఇంకోసారి అంటే ఇంకోసారీ వెళ్లాం.

సాయంత్రాలు నామ్ ఖాన్ వైపు. నీళ్లు తగ్గే రోజుల్లో అక్కడ వెదురు వంతెన కడతారు, వరద రాకముందే విప్పేస్తారు. అడుగేస్తే కిర్రుమంటుంది, నులకమంచంలా ఊగుతుంది. కింద నీరు తీసిన ఒండ్రు మీద మళ్లు చేసి ఆకుకూరలు వేశారు. ఒకావిడ ఏట్లోంచి నీళ్లు మోసుకొచ్చి చల్లుతుంటే మా అత్తగారు అరగంట కదల్లేదు. "ఈ నేలకి దోసపాదులు పెట్టాలి గానీ ఆకుకూరేంటి" అని తీర్పిచ్చింది. లంకలో దోస వేసిన మనిషి మరి.

తిండి దగ్గర జాగ్రత్త. వెదురు బుట్టలో జిగట అన్నం పెడతారు, ఖావ్ నియావ్ అంటారు. చేత్తో ముద్ద చేసుకుని తినడమే, ఆవిడకేం ఇబ్బంది ఉండదు. కూరల్లో మాత్రం చేపల సాస్ పడుతూనే ఉంటుంది. మాంసం వద్దంటే చాలదు, అదీ వద్దని విడిగా చెప్పాలి. ఏటి పాచిని పల్చగా ఎండబెట్టి, నువ్వులు, వెల్లుల్లి, టమాటా అద్ది వేయించే ఖైపేన్ మన వడియంలా కరకరలాడుతుంది. బాగుంటుంది, కానీ నంజుకోవడానికిచ్చే ఎర్రటి పచ్చడి ముట్టుకోనివ్వకండి. చూడ్డానికి అచ్చం మన పండుమిరప పచ్చడే. నేను నోటిదాకా తీసుకెళ్లాక చెప్పారు, అందులో గేదె తోలు వేస్తారని. కందిపొడి, ఓ చిన్న నెయ్యి సీసా పెట్టెలో పడేసుకోండి.

ఇక చూసేవంటారా, రోజుకొకటి చాలు. వాట్ సియెంగ్ థాంగ్ గుడి 1560 నాటిది. ఆ ఆవరణలో రాజుగారి అంతిమయాత్ర రథం ఉంచిన మందిరానికి బంగారుపూత చెక్కడాల్లో రామాయణం ఉంది. వాళ్ల రామాయణం పేరు ఫ్రా లక్ ఫ్రా లామ్, లక్ష్మణుడి పేరే ముందు. మీ అత్తగారికి చూపించండి, గంటసేపు అక్కడే ఉంటారు. పిల్లలకి 30 కిలోమీటర్ల దూరంలో క్వాంగ్ సీ జలపాతం, సున్నపురాతి నీలంరంగు మడుగుల్లో ఈత. ఫూసీ కొండకి 300 పైచిలుకు మెట్లు, అన్నవరం మెట్లు నడిచి ఎక్కేవాళ్లయితేనే. తెల్లవారుజామున బౌద్ధ భిక్షువులు వరసగా భిక్షకొస్తారు. వీధికి అవతలి వైపు నిలబడి చూడండి, ఫొటోల కోసం వరసకి అడ్డంపడకండి.

ప్రశ్న: లువాంగ్ ప్రబాంగ్‌కి దారెటు? డబ్బు సంగతేంటి?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: బ్యాంకాక్ మీదుగా విమానం ఉంది. లేదా రాజధాని వియెంటియాన్‌లో దిగి రైలెక్కండి. 2021 డిసెంబరులో మొదలైన లైను, రెండు గంటల ప్రయాణం. చాకులు, స్ప్రే డబ్బాలు రైల్లోకి రానివ్వరు. డబ్బు కిప్. లక్ష కిప్ నోటు చూసి కంగారుపడకండి, మన నాలుగొందలకి అటూ ఇటూ. మా ఆయన పంటు టిక్కెట్టుకి ఆ లక్ష నోటు తీస్తే చిల్లర లేదని ఆ కుర్రాడు ఊరికే ఎక్కించుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు గుర్తుపెట్టుకుని రెండూ కలిపి వసూలు చేశాడు.