చెట్ల గింజలు మొలవకపోవడానికి కారణమేమిటి?

ప్రశ్న: చెట్లను గింజల నుంచి పెంచడం నాకు ఇదే తొలిసారి. నేరేడు, వేప, చింత గింజలు ఏరి, బాగా ఎండబెట్టి డబ్బాలో దాచాను. రెండు నెలల తర్వాత సంచుల్లో విత్తితే నేరేడు, వేప ఒక్కటీ రాలేదు. చింత అక్కడక్కడా మొలిచింది, వాటిలోనూ సగం మొలకలు మొదలు దగ్గర మెత్తబడి వాలిపోయాయి. రోజూ రెండు పూటలా నీళ్లు పోశాను. పొరపాటు ఎక్కడ జరిగింది? మామిడి టెంకలు కూడా వేద్దామనుకుంటున్నాను. వాటికి మంచి కాయలు కాస్తాయా?

జవాబు: మీ శ్రద్ధలో లోపం లేదు. వరి, కంది విత్తనాల మాదిరిగానే చెట్ల గింజలను కూడా ఎండబెట్టి దాచుకోవచ్చని అనుకోవడం వల్లే నష్టం వచ్చింది. కొన్ని గింజలు ఎండితే చచ్చిపోతాయి. కొన్ని ఏళ్ల తరబడి బతికే ఉంటాయి గానీ మనం లేపితే తప్ప లేవవు. మీరు ఏరినవాటిలో రెండు రకాలూ ఉన్నాయి.

నేరేడు మొదటి రకం. గింజలోని తేమ పోతే లోపలి పిండం చనిపోతుంది, ఆ తర్వాత ఎంత నానబెట్టినా ఫలితం ఉండదు. పనస, మామిడి కూడా అంతే. పండు నుంచి తీసిన వెంటనే గుజ్జంతా కడిగేసి, ఆ రోజో మర్నాడో విత్తేయండి. కుదరకపోతే తడి ఇసుకలో కలిపి నీడలో కొద్ది రోజులు ఉంచవచ్చు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, చలికి కూడా ఇవి తట్టుకోలేవు. తాజా నేరేడు గింజ సుమారు రెండు వారాల్లో మొలుస్తుంది. ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలు వచ్చినా కంగారు పడకండి, నేరేడులో అది మామూలే. బలంగా ఉన్నదాన్ని ఉంచి మిగతావి కత్తిరించండి. పీకితే ఉంచుకున్న దాని వేరు కూడా కదులుతుంది.

వేప కాస్త నయం, కానీ అదీ వారాల్లోనే మొలకశక్తి కోల్పోతుంది. విత్తే ముందు నాలుగైదు గింజల పెంకు పగలగొట్టి, లోపలి పప్పును అడ్డంగా కోసి చూడండి. ఆకుపచ్చగా, గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగుకు తిరిగి ముడుచుకుపోతే ఆ గింజలు పనికిరావు. మీ డబ్బాలో మిగిలినవాటిని ఇప్పుడే ఇలా కోసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఈసారి పసుపు రంగుకు తిరిగిన పండ్లనే తీసుకుని, గుజ్జు కడిగి, ఒకటి రెండు రోజులు నీడన ఆరనిచ్చి విత్తండి.

చింత ఇందుకు పూర్తిగా భిన్నం. దాని పెంకు నీటిని లోపలికి పోనివ్వదు. మీ చింత గింజలు చాలావరకు చచ్చిపోయి ఉండవు, తడి అందక అలాగే ఉండి ఉంటాయి. సంచుల్లోంచి తవ్వి తీయండి, గట్టిగా ఉన్నవి మళ్లీ వాడుకోవచ్చు. ఒక్కో గింజను గరుకు కాగితం మీదో గరుకు రాయి మీదో ఒక పక్కన రుద్దండి. గోధుమ రంగు పొర పోయి కింద లేత రంగు కనిపించగానే ఆపేయాలి. మొలక వచ్చే కొస జోలికి పోవద్దు. తర్వాత రాత్రంతా నీళ్లలో వేస్తే తెల్లారేసరికి చాలా గింజలు ఉబ్బుతాయి. ఉబ్బినవి విత్తి, ఉబ్బనివాటిని మళ్లీ కాస్త రుద్దండి. రేల గింజలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. సుబాబుల్ లాంటి చిన్న గింజలను ఒక్కొక్కటిగా రుద్దలేం కాబట్టి 80 డిగ్రీల వేడి నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, ఆపై చల్లని నీళ్లలో రాత్రంతా నానబెడతారు. పొయ్యి మీద మరుగుతున్న నీళ్లలో వేసి వదిలేస్తే గింజ ఉడికిపోతుంది, జాగ్రత్త.

ఇక మొలకలు వాలిపోవడం. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది నారుకుళ్లు తెగులు. నేలకు ఆనిన చోట కాడ తడిసినట్టై, సన్నబడి, మొక్క పడిపోతుంది. రెండు పూటల నీళ్లు దానికి బాగా కలిసొస్తాయి. పడిన మొక్క తిరిగి లేవదు, మట్టితో సహా తీసేయండి. మిగతావాటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. నీళ్లు గంట కొట్టినట్టు పోయడం మానేసి, పై మట్టిలో వేలు గుచ్చి చూసి, తడి తగ్గితేనే ఉదయం పూట పోయండి. సంచి అడుగున, పక్కల రంధ్రాలు ఉన్నాయో లేదో చూసుకోండి.

సంచిలోకి ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో చాలు. పచ్చి ఎరువు వద్దే వద్దు. గింజ మందానికి రెండు మూడింతల లోతున విత్తితే సరిపోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసేది మరీ లోతుగా పాతడమే. సంచి వెడల్పు కంటే పొడవు ముఖ్యం. చింత, పనస తల్లివేరును తొందరగా కిందికి పంపుతాయి. సంచి అడుగున ఆ వేరు చుట్టలు తిరిగితే, నేలలో నాటాక కూడా అలాగే మెలికపడి చెట్టును బలహీనపరుస్తుంది. అందుకే మొక్కను సంచిలో ఏళ్లకేళ్లు ఉంచకుండా, మోకాలెత్తు వచ్చాక వానలు పడగానే నేలలో నాటండి. అంతకుముందు రెండు వారాలు నీడ తగ్గిస్తూ ఎండకు అలవాటు చేయాలి.

మామిడి టెంక విషయానికొస్తే, అంచున కత్తెరతో జాగ్రత్తగా తెరిచి, లోపలి జీడిని మాత్రమే విత్తండి, త్వరగా మొలుస్తుంది. మొలిచినది తల్లి చెట్టు కాయలే కాస్తుందని మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు. చాలా రకాల్లో రుచి, సైజు మారిపోతాయి, కాపుకు కూడా ఏళ్లు పడుతుంది. అయినా ఆ మొక్క వృథా కాదు. కాడ పెన్సిల్ మందం అయ్యాక, మీకు నచ్చిన రకం కొమ్మ తెచ్చి దాని మీద అంటు కట్టించుకోండి. నీడ కోసమో, గట్టి చెట్టు కోసమో అయితే అలాగే పెరగనివ్వండి.