వైఫై గుర్తు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు రాదు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల బడి పిల్లలవే. సగం ఉత్తరాల్లో ఒకటే మాట: "నెట్ రావడం లేదు." డాక్టరు దగ్గరికెళ్లి "ఒంట్లో బాగాలేదు" అన్నట్టుంటుంది ఆ మాట. ఎక్కడ బాగాలేదో తెలిస్తే గానీ మందు చెప్పలేం. అందుకే ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: మా ఇంట్లో ఫోనులో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది. అయినా వీడియో తిరుగుతూనే ఉంటుంది, తెరుచుకోదు. అప్పుడు ఏం చూడాలి?
– 9వ తరగతి విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: ఆ గుర్తు చెప్పేది ఒక్కటే. మీ ఫోనుకూ ఇంట్లోని వైఫై బాక్సుకూ మధ్య సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెబుతుంది, అంతే. బాక్సు అవతల ఏం జరుగుతోందో దానికి తెలియదు. వీధి స్తంభం మీద తీగ తెగి వేలాడుతున్నా గుర్తు నిండుగానే కనిపిస్తుంది.

కాబట్టి దారిని ముక్కలు చేసి చూడాలి. ఫోను నుంచి బాక్సు దాకా ఒక ముక్క. బాక్సు నుంచి ఫైబరు తీగ మీదుగా కంపెనీ ఎక్స్ఛేంజి దాకా రెండోది. అక్కడి నుంచి బయటి ప్రపంచం మూడోది. ఇవి కాక, మనం టైపు చేసే వెబ్‌సైటు పేరును నంబరుగా మార్చి చెప్పే డీఎన్ఎస్ అనే ఏర్పాటు ఒకటుంది. ఇది టెలిఫోను డైరెక్టరీ లాంటిది.

ముందు బాక్సు మీది లైట్లు చూడండి. ఫైబరు బాక్సయితే పీఓఎన్, ఎల్ఓఎస్ అని రెండు లైట్లుంటాయి. పీఓఎన్ ఆరిపోకుండా పచ్చగా వెలుగుతుంటే తీగ బాగున్నట్టు. ఎల్ఓఎస్ ఎర్రగా వెలిగితే ఎక్స్ఛేంజి నుంచి రావలసిన కాంతి బాక్సు దాకా రావడం లేదని అర్థం. ఆ సన్నని తీగ లోపల ఉన్నది గాజు పోగు, మందం 125 మైక్రోమీటర్లు. దాన్ని మరీ బిగుతుగా వంచితే వంపు దగ్గర కాంతి బయటికి కారిపోతుంది. మంచం కోడు కింద నలిగిందేమో, తలుపు సందులో పడిందేమో చూడండి. మిగిలిన తీగను చుట్టాల్సి వస్తే చేతి గాజు కంటే చిన్న చుట్ట చుట్టకండి. తీగ కొనను మాత్రం పీకి కంటితో లోపలికి చూడొద్దు. అందులో వచ్చే కాంతి కంటికి కనపడదు గానీ కంటికి మంచిది కాదు.

లైట్లు బాగుంటే విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే నల్ల తెర) తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే అన్న చోట కనిపించే నంబరు మీ బాక్సుది. చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది. పింగ్ అంటే అవతలి కంప్యూటరును "ఉన్నావా?" అని అడగడం; అదే తెరలో ping అని, పక్కన నంబరు టైపు చేస్తే చాలు. ఆ నంబరుకు పింగ్ కొడితే జవాబు వచ్చిందా, మొదటి ముక్క బాగుంది. తర్వాత 8.8.8.8కు, అంటే బయట ఉన్న గూగుల్ కంప్యూటరుకు, పింగ్ కొట్టండి. జవాబు వస్తే బయటి దారి కూడా బాగున్నట్టే. ఆఖరున ఏదైనా వెబ్‌సైటు పేరుకు కొట్టండి. నంబరుకు జవాబు వచ్చి, ఏ పేరు కొట్టినా "దొరకలేదు" అంటుంటే లోపం డీఎన్ఎస్‌లో ఉంది. సెట్టింగుల్లో డీఎన్ఎస్ నంబరు 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెడితే చాలావరకు సరిపోతుంది.

మీ కంప్యూటరు నంబరే 169.254తో మొదలవుతుంటే ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. బాక్సు నంబరు ఇవ్వకపోవడంతో కంప్యూటరు తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. బాక్సు కట్టేసి, అర నిమిషం ఆగి మళ్లీ వేయండి. ఇక కంపెనీకి ఫోను చేసేటప్పుడు "ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది" అని చెప్పండి. అవతలివాళ్లు తీగ పని తెలిసినవాళ్లనే పంపుతారు.

ప్రశ్న: మనం పంపిన ఫోటోకు అమెరికా దారి ఎలా తెలుస్తుంది? మొత్తం ఇంటర్నెట్ మ్యాపు ఎవరి దగ్గరైనా ఉంటుందా?
– 8వ తరగతి విద్యార్థి, గుంతకల్లు

జవాబు: ఎవరి దగ్గరా ఉండదు. ఈ ఏర్పాటులోని గొప్పతనం అదే.

ముందు ఫోటో సంగతి. 30 లక్షల బైట్ల ఫోటో ఒక్క ముద్దగా పోదు. ఒక్కో ప్యాకెట్టులో 1500 బైట్లకు మించి పట్టవు. అందులోనూ 40 దాకా చిరునామాకూ వరుస నంబరుకూ పోతాయి. అంటే మీ ఫోటో రెండు వేలకు పైగా ముక్కలవుతుంది. ప్రతి ముక్క మీదా పంపేవారి నంబరు, అందుకునేవారి నంబరు, అది ఎన్నో ముక్కో రాసి ఉంటుంది. దారిలో ఏదైనా పోతే అవతలి కంప్యూటరు నుంచి అందినట్టు కబురు రాదు. అప్పుడు మీ ఫోను ఆ ముక్కను మాత్రమే మళ్లీ పంపుతుంది. ఈ పద్ధతికి టీసీపీ అని పేరు. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో దీన్ని ప్రతిపాదించారు. ఇంటర్నెట్‌కు ముందు రూపమైన ఆర్పానెట్ 1983 జనవరి 1న దీనికి మారింది.

ఇక దారి. ప్రొద్దుటూరు పిన్ కోడ్ 516360. ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసేవారికి ప్రొద్దుటూరు ఎక్కడుందో తెలియనక్కర్లేదు. మొదటి అంకె 5 చూసి ఇటువైపు సంచిలో వేస్తే చాలు. దగ్గరికొచ్చాక 516 చూసి కడప వైపు పంపుతారు. చివరి మూడంకెలు కడప వాళ్లు చూసుకుంటారు. ఇంటర్నెట్‌లో ఆ వేరుచేసే పని రౌటర్లది. ప్యాకెట్టు మీద రాసిన అందుకునేవారి నంబరునే ఐపీ చిరునామా అంటారు. రౌటర్లు దానిలోని ముందు భాగం చూసి, "దీన్ని ఫలానా తీగ మీదికి తోసెయ్యి" అన్న ఒక్క నిర్ణయమే తీసుకుంటాయి. మీ గుంతకల్లు జంక్షన్‌నే చూడండి. బెంగళూరు వైపు, రాయచూరు వైపు, బళ్లారి వైపు, నంద్యాల వైపు లైన్లు చీలతాయి. బండి ఏ లైను ఎక్కాలో గుంతకల్లు చూస్తుంది, తర్వాతి మలుపు తర్వాతి జంక్షన్ చూసుకుంటుంది. ఒక లైను పాడైతే రౌటర్లు ఆ కబురు ఒకదానికొకటి చెప్పుకుని వేరే దారి పట్టిస్తాయి.

పోలిక ఇక్కడితో ఆపాలి. పిన్ కోడ్‌ను ఊళ్లను బట్టి ఇచ్చారు. ఐపీ నంబర్లను సంస్థలను బట్టి ఇస్తారు. కాబట్టి నంబరు చూసి ఊరు ఖాయంగా చెప్పలేం.

మరి ముక్క దారి తప్పి అక్కడక్కడే తిరుగుతుంటే? ప్రతి ప్యాకెట్టు మీదా 64 గానీ 128 గానీ ఒక అంకె వేసి పంపుతారు. ఒక్కో రౌటర్ ఒక్కొక్కటి తగ్గిస్తుంది. సున్నా అయితే ఆ ముక్కను పారేస్తారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద కర్నూలు ప్రశ్నలో దీని అవసరం పడుతుంది.

ప్రశ్న: 100 ఎంబీపీఎస్ ప్లాను వేయించుకున్నాం. డౌన్‌లోడ్ 12 దగ్గరే ఆగుతోంది. మోసమా?
– 7వ తరగతి విద్యార్థి, తాడిపత్రి

జవాబు: కాదు. ప్లానులో చెప్పేది సెకనుకు మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో కనిపించేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు. 100ను 8తో భాగిస్తే 12.5. మీకు రావలసింది వస్తోంది.

ప్రశ్న: ఇంటర్నెట్ ఉపగ్రహాల నుంచి వస్తుందని మా క్లాసులో సగం మంది అంటున్నారు. నిజమేనా?
– 9వ తరగతి విద్యార్థి, కడప

జవాబు: ఖండాల మధ్య నడిచే ఇంటర్నెట్‌లో చాలా చాలా పెద్ద వాటా సముద్రం అడుగున వేసిన ఫైబరు తీగలదే. మన దేశంలో అవి ముంబయి, చెన్నై లాంటి తీర నగరాల్లో ఒడ్డుకొస్తాయి. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కడప నుంచి చెన్నై సుమారు 260 కిలోమీటర్లనుకుంటే, అక్కడికి చేరడానికి సెకనులో వెయ్యో వంతు కంటే కొంచెమే ఎక్కువ పడుతుంది. భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకెక్కి కిందికి దిగేసరికి పావు సెకను, జవాబు కూడా అదే దారిన వచ్చేసరికి అర సెకను. ఆన్‌లైన్ ఆటలో అర సెకను ఆలస్యమంటే ఎలా ఉంటుందో మీకే తెలుసు. 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే కొత్త ఉపగ్రహాలతో ఈ ఆలస్యం బాగా తగ్గింది. తీగ వేయలేని కొండ ప్రాంతాలకూ ఓడలకూ అవి నిజంగా వరమే.

ప్రశ్న: మా కంప్యూటర్ ల్యాబులో 20 కంప్యూటర్లున్నాయి. సోమవారం ఒక్కసారిగా అన్నింటికీ నెట్ పోయింది. కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్ అనే పెట్టె మీది లైట్లన్నీ విపరీతమైన వేగంతో కొట్టుకుంటున్నాయి. వైర్లు మేమే కడుతున్నాం, అందులో తప్పుంటే ఇలా అవుతుందా?
– 10వ తరగతి విద్యార్థులు, కర్నూలు

జవాబు: ఇవి రెండు వేర్వేరు సంగతులు. లైట్లన్నీ ఒకేసారి, ఒకే వేగంతో కొట్టుకుంటున్నాయంటే ముందు అనుమానించాల్సింది లూప్. ఒకే వైరు రెండు కొనలూ ఒకే స్విచ్‌లో, లేదా గోడ మీది రెండు సాకెట్లలో ఎవరో గుచ్చి ఉంటారు. ఊడ్చేటప్పుడు వేలాడుతున్న కొనను చూసి, ఊడిపోయిందేమోనని మంచి మనసుతో ఖాళీ సాకెట్టులో పెట్టేస్తుంటారు.

ఒక కంప్యూటరు "192.168.1.1 ఎవరిది?" అని అందరినీ అడుగుతుంది. స్విచ్ ఆ కేకకు నకళ్లు తీసి మిగతా పోర్టులన్నింటికీ (వైర్లు గుచ్చే రంధ్రాలకు) పంపుతుంది. లూప్ ఉంటే 7వ పోర్టులో పోయిన నకలు 12వ పోర్టులో తిరిగొస్తుంది. స్విచ్ దాన్ని కొత్త కేక అనుకుని మళ్లీ అందరికీ పంపుతుంది. పైన చెప్పిన 64, 128 అంకె ఐపీ ప్యాకెట్టులోనే ఉంటుంది. స్విచ్ చూసే ఈథర్‌నెట్ పొట్లం మీద అలాంటిదేదీ లేదు. అందుకే ఆ కేక చావదు, క్షణాల్లో తీగలన్నీ దానితోనే నిండిపోతాయి.

వైర్లన్నీ స్విచ్ నుంచి పీకి, ఒక్కొక్కటే పెడుతూ పది సెకన్లు ఆగి చూడండి. ఏది పెట్టగానే లైట్లు మళ్లీ పిచ్చెత్తినట్టు కొట్టుకున్నాయో దాని రెండో కొన ఎక్కడుందో వెతకండి. ఖరీదైన స్విచ్‌లు లూప్‌ను తామే కనిపెట్టి ఒక పోర్టును మూసేస్తాయి. ఆ పద్ధతి పేరు స్పానింగ్ ట్రీ, కనిపెట్టింది రేడియా పెర్ల్‌మన్, 1985లో. బడుల్లో సాధారణంగా ఉండేవి చవక స్విచ్‌లు. అందుకని ప్రతి వైరుకూ రెండు కొనల్లోనూ ఒకే నంబరు చీటీ అంటించండి.

ఇప్పుడు వైరు కట్టడం. పై తొడుగు 3 సెంటీమీటర్లు ఒలిచి, జతలు విప్పి, ఈ వరుసలో పేర్చండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆర్‌జే 45 కొన (వైరు చివర పెట్టే ప్లాస్టిక్ ప్లగ్గు) క్లిప్పు కిందికి, తీగలు దూర్చే నోరు మీ వైపుకు ఉండేలా పట్టుకుంటే మొదటి తీగ ఎడమ చివర వస్తుంది. తీగల కొనలను 13 మిల్లీమీటర్ల దగ్గర ఒకే గీతలో కత్తిరించి, ముందు గోడకు తగిలేదాకా తొయ్యండి. తొడుగు కూడా కొన లోపలికి వచ్చిందో లేదో చూసి అప్పుడు క్రింపింగ్ టూల్ నొక్కండి. తొడుగు బయట ఆగిపోతే లాగినప్పుడల్లా బరువు సన్నని తీగల మీద పడి కొన్నాళ్లకు ఊడిపోతాయి.

ఎక్కువ మంది చేసే తప్పు, ఆకుపచ్చ జతను 3, 4 స్థానాల్లో పక్కపక్కన పెట్టేయడం. రెండు వైపులా అలాగే పెడితే టెస్టరు మీద 1 నుంచి 8 దాకా లైట్లు చక్కగా వెలుగుతాయి. అయినా నెట్ నత్తనడక నడుస్తుంది. టెస్టరు చూసేది తీగ తెగిందా లేదా అన్నదే. 3, 6 పిన్నులు ఒకే మెలిక జతలో ఉండాలి, అప్పుడే బయటి విద్యుత్ అలజడి రెండు తీగల మీదా సమానంగా పడి కొట్టుకుపోతుంది. జత చీలితే ఆ రక్షణ పోతుంది. నీలం జతో గోధుమ జతో తెగితే 1000 ఎంబీపీఎస్ రావలసిన చోట చాలాసార్లు 100 మాత్రమే వస్తుంది, ఎందుకంటే 100కు 1, 2, 3, 6 పిన్నులు చాలు, 1000కి ఎనిమిదీ కావాలి.

వైరు కొనేటప్పుడు తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే రాగి పూసిన అల్యూమినియం. వంచితే తొందరగా విరుగుతుంది, దూరం పోయేకొద్దీ సిగ్నల్ నీరసిస్తుంది. మంచి రాగి వైరైనా ఒక ముక్క 100 మీటర్లు మించకూడదు.

ప్రశ్న: మాది పాత రాతి గోడల మిద్దె. ముందు గదిలో వైఫై బాగా వస్తుంది, వెనక గదిలో అసలు రాదు. బూస్టరు కొనాలా?
– 8వ తరగతి విద్యార్థిని, జమ్మలమడుగు

జవాబు: ముందు డబ్బు ఖర్చు లేని పని చేయండి. బాక్సును నేల మీంచి తీసి, వెనక గదిలోకి తెరుచుకునే వాకిలికి ఎదురుగా, ఛాతీ ఎత్తున పెట్టండి. ఇనుప బీరువా, ఫ్రిజ్, నీళ్ల డ్రమ్ము పక్కన ఉండకూడదు. ఇనుము సిగ్నల్‌ను తిప్పికొడుతుంది, నీళ్లు పీల్చుకుంటాయి. బాక్సు రెండు వైఫై పేర్లు చూపిస్తుంటే వెనక గదికి 2.4 గిగాహెర్ట్‌జ్‌ది వాడండి. 5ది వేగమైనదే గానీ మందపాటి గోడ దాటలేదు.

అలా కుదరకపోతే బూస్టరు కంటే తీగే మేలు. బూస్టరు తనకే సరిగా అందని సిగ్నల్‌ను మళ్లీ పంచాలి. తలుపు చట్రం అంచున ఒక కేబులు లాగి, వెనక గదిలో పాత రౌటరు, అంటే ఇంకో వైఫై బాక్సు, ఒకటి పెట్టండి. కేబులును దాని వాన్ (WAN, బయటి నెట్ వచ్చే) పోర్టులో కాకుండా లాన్ (LAN, ఇంట్లోని కంప్యూటర్లకు ఇచ్చే) పోర్టులో గుచ్చాలి. రెండో రౌటరు నంబరు 192.168.1.2గా మార్చి, దానిలో డీహెచ్‌సీపీ (ఫోన్లకు, కంప్యూటర్లకు నంబర్లు పంచే ఏర్పాటు) ఆపేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ మొదటిదానివే ఇవ్వండి. ఒకదానికి 1వ ఛానల్, ఇంకోదానికి 11వ ఛానల్ పెడితే ఒకదాని మాట ఒకదానికి అడ్డురాదు. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే రెండు బాక్సులూ నంబర్లు పంచడం మొదలుపెడతాయి. కొన్ని ఫోన్లకు నెట్ వస్తుంది, కొన్నింటికి రాదు. వచ్చిన ఫోనుకే రేపు రాకపోవచ్చు. అలా జరిగితే ముందు చూడాల్సింది ఆ సెట్టింగే.