జల్లెడ విప్పడానికి ఎన్ని బోల్టులు?

అమ్మాయీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. నువ్వు ఉద్యోగం మానేశావట, ధాన్యాన్ని శుభ్రం చేసి వేరుచేసే యంత్రం సొంతంగా తయారుచేస్తావట. "అచ్చం నీ పోలికే వచ్చింది, ఇక నువ్వే చెప్పుకో దానికి" అని నా మీద విసుక్కున్నాడు. వాడితో ఏమీ అనలేదు కానీ ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. ఎనిమిదేళ్ళ వయసులో నా పెట్టెలోని స్పానర్లన్నీ సైజుల వారీగా పేర్చి, మళ్ళీ కలిపేస్తానేమోనని నన్నే ముట్టుకోనివ్వని పిల్లవి. వేరుచేసే యంత్రం నువ్వు కాకపోతే ఇంకెవరు చేస్తారు!

తెల్లవారేదాకా నిద్ర మాత్రం పట్టలేదు. మీ నాన్న పంపిన నీ డ్రాయింగులు చూశాక పోయిన నిద్ర అది. గీత చక్కగా ఉంది. కొలతలు స్పష్టంగా ఉన్నాయి. రెండుచోట్ల తప్పులున్నాయి, దిద్దుకోవచ్చు. ఒకచోట మాత్రం నేను ముప్పై ఒకటో ఏట చేసిన పనే నువ్వూ చేశావు. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు తేలిక విషయాలు. గింజ నడిచే దారిలో మొట్టమొదట అయస్కాంతం ఉండాలి. తొట్టి వాలు 45 డిగ్రీలకు తగ్గించకు. ఎండిన గోధుమ 30 లోపే జారిపోతుంది కానీ తేమ పట్టిన వడ్లు మొండికేస్తాయి. టన్నుల్లో ఆలోచించకు, ఘనపు మీటర్లలో ఆలోచించు: ఘనపు మీటరు గోధుమలు సుమారు 770 కిలోలు తూగితే, వడ్లు 580 దగ్గరే ఆగిపోతాయి. గోధుమకని లెక్కవేసిన ఎలివేటరు, అదే గింజను పైకెత్తి పోసే యంత్రం, వడ్లకు వచ్చేసరికి గంటకు అంత బరువు ఎత్తదు. బెల్టులకు కవచాలు వెయ్యి. ఇవన్నీ నీకు తెలుసని నాకు తెలుసు. రాయకపోతే మనసు ఒప్పుకోదు.

చేటలో చెరిగేవాళ్ళను ఎప్పుడైనా నిలబడి చూశావా? ఎగరేసి గాలికి పొట్టు పోగొడతారు. చేటను వాల్చి నేముతూ నూకనూ రాయినీ విడదీస్తారు. చివరికి కంటితో చూసి వేలితో ఏరతారు. మన యంత్రాలన్నీ ఆ పనులనే విడివిడి పెట్టెల్లో పెట్టుకున్నాయి, అంతే. చేతితో పంకా తిప్పి తూర్పారపట్టే యంత్రం చైనాలో హాన్ వంశం నాటికే ఉంది. ఆ కాలపు సమాధుల్లో దాని మట్టి నమూనాలు దొరికాయి. కాబట్టి "కొత్తగా కనిపెట్టాను" అని ఎవరి దగ్గరా అనకు. నాకు నవ్వొస్తుంది.

మొదటి తప్పు కింది జల్లెడ. దానికి గుండ్రటి రంధ్రాలు గీశావు. గుండ్రటి రంధ్రంలో గింజ నిటారుగా నిలబడి దిగాలి, అంటే అది వెడల్పును కొలుస్తుంది. పొడవాటి చీలికలోకి గింజ పక్కకు ఒరిగి దిగుతుంది, అంటే అది మందాన్ని కొలుస్తుంది. పాలు పోసుకోక ఎండిపోయిన బక్క గింజ వెడల్పులో మంచి గింజలాగే కనిపిస్తుంది. మందంలోనే దాని గుట్టు బయటపడుతుంది. అందుకని కింద చీలికల జల్లెడ వెయ్యి. అడ్డంగా విరిగిన గింజ ఈ రెండింటికీ దొరకదు, దాన్ని పొడవును బట్టే పట్టుకోవాలి. లోపలి గోడంతా చిన్న చిన్న గుంటలున్న సిలిండరు ఆ పనికే పుట్టింది.

రెండో తప్పు ఫ్యాను. గాలి చాలకపోతే పుల్లీ మార్చి వేగం పెంచుతానని పక్కన రాసుకున్నావు. గోధుమ గింజను గాలిలో నిలబెట్టాలంటే గాలి వేగం సెకనుకు సుమారు 9 మీటర్లు ఉండాలి. పొట్టు రెండు మూడు మీటర్లకే లేచిపోతుంది. తాలు, పుచ్చు గింజలు ఈ మధ్యలో ఎక్కడో ఉంటాయి. అక్కడ కావలసింది ఎక్కువ గాలి కాదు, గొట్టం వెడల్పంతా ఒకేలా వీచే గాలి. ఒక మూల హోరెత్తిపోతూ ఇంకో మూల నిద్రపోతుంటే నీ సగటు లెక్కను ఏం చేసుకోను? గింజ కూడా పలుచగా పరుచుకుని పడాలి. ఒకేచోట కుప్పగా పడితే గాలి పక్కనుంచి తప్పుకుపోతుంది. పైగా ఫ్యాను వేగం పదో వంతు పెంచితే గాలి పదో వంతే పెరుగుతుంది, మోటారు మీద భారం మాత్రం మూడో వంతు పెరుగుతుంది. వేగం జోలికి వెళ్ళకు. గాలి దారిలో తిప్పుకునే రెక్క పెట్టి సవరించుకో.

ఇక అసలు సంగతి.

నా మొదటి సొంత యంత్రానికి రెండు అంతస్తుల జల్లెడ, ముందు ఒక ఫ్యాను. జల్లెడ చట్రం బరువు 60 కిలోలు. దాన్ని ఆడించే ఎక్సెంట్రిక్, అంటే ఇరుసు మీద పక్కకు జరిపి బిగించిన చక్రం, ఇరుసు మధ్య నుంచి 12 మిల్లీమీటర్లు పక్కకు ఉండేది, నిమిషానికి 300 చుట్లు. లెక్కవేసి చూడు: దిశ మారిన ప్రతిసారీ ఆ చట్రం సుమారు 70 కిలోల బరువంత బలంతో గుంజుతుంది, సెకనుకు పదిసార్లు. వేగాన్ని 360కి పెంచితే ఆ గుంజుడు 44 శాతం పెరుగుతుంది. ఈ లెక్క చూసి హడలిపోయాను. నలుగురి ముందు జల్లెడ ఊడి వస్తే నా పరువేం కావాలి? అందుకని చట్రం చుట్టూ పద్దెనిమిది బోల్టులు వేశాను. ఒక్కొక్కదానికి రెండేసి నట్లు.

షెడ్డులో పరీక్ష ఘనంగా జరిగింది. ఏ గింజతో పరీక్షించానో తెలుసా? అప్పటికే ఒకసారి శుభ్రం చేసి, బాగా ఎండబెట్టిన గింజతో. అందులో నేనే తూచిన రాళ్ళు, నేనే తూచిన పొట్టు కలిపాను. నేను కలిపింది నాకే తిరిగివచ్చింది, నేను చప్పట్లు కొట్టుకున్నాను.

యంత్రం పనిచేయాల్సిన చోటికి వచ్చిన సరుకు వేరు. సగం ఆరిన గింజ, గడ్డి పోచలు, పురికొస ముక్కలు. గంట గడిచేసరికి రంధ్రాల్లో గింజలు ఇరుక్కుని జల్లెడ సగం మూసుకుపోయేది. జల్లెడ కింద రబ్బరు బంతులు పెడితే అవి ఎగిరెగిరి తగిలి ఇరుక్కున్న గింజలను వదిలిస్తాయి. పరీక్షలో వాటి అవసరం కనపడలేదు, ఖర్చు దండగని మానేశాను. ఇక శుభ్రం చేయాలంటే జల్లెడ విప్పాల్సిందే. పద్దెనిమిది బోల్టులు, ముప్పై ఆరు నట్లు, ఇద్దరు మనుషులు, నలభై నిమిషాలు. బయట సరుకు బళ్ళు వరుసకట్టి ఉన్నాయి.

యంత్రం నడిపే అబ్బాయికి ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. చురుకైనవాడు. అతనే ఒక ఉపాయం కనిపెట్టాడు. కింద మట్టి బయటికి పడే నోటిలోంచి చేయి దూర్చి, యంత్రం నడుస్తుండగానే జల్లెడను అడుగు నుంచి బ్రష్షుతో గీసేవాడు. రెండు నిమిషాల పని. బళ్ళు ఆగవు, యజమాని అరవడు. ఇది నేను చూశాను, తల్లీ. రెండో రోజు నా కళ్ళతో చూశాను. చూసి "జాగ్రత్త నాయనా" అన్నాను. అంతే అన్నాను. యంత్రం ఆగకుండా నడుస్తోందని లోపల కాస్త సంతోషం కూడా కలిగింది.

చట్రం చివరకూ యంత్రం అడ్డకమ్మీకీ మధ్య ఒక సందు ఉండేది. చట్రం అటు వెళ్ళినప్పుడు అది 30 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, ఇటు వచ్చినప్పుడు 6 మిల్లీమీటర్లకు మూసుకుంటుంది. సెకనుకు అయిదుసార్లు. ఆ అంకెలు వేసింది నేనే, నా డ్రాయింగు మీదే ఉన్నాయి. మూడో రోజు సాయంత్రం అతని కుడిచేతి రెండు వేళ్ళు అక్కడ పోయాయి.

అందరూ అతని అజాగ్రత్త అన్నారు. యజమాని అన్నాడు, తోటివాళ్ళు అన్నారు, ఆఖరికి అతనూ అదే అన్నాడు. నేను కాదనలేదు. చూడటానికి వెళ్తే కట్టు కట్టిన చేతిని దుప్పటి కింద దాచుకుని, "యంత్రం ఆగిపోయిందటండీ, మీకు మాట వచ్చిందేమో" అన్నాడు. నాకు మాట వచ్చిందేమోనని అతని బాధ! తీసుకెళ్ళిన పళ్ళు అక్కడ పెట్టి తల వంచుకుని వచ్చేశాను. తప్పు నాదని అతనికి చెప్పడానికి పదకొండేళ్ళు పట్టింది. అప్పటికి ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు.

నలభై నిమిషాలు ఒకవైపు, రెండు నిమిషాలు ఒకవైపు పెడితే ఎవరైనా ఏది ఎంచుకుంటారో అతనూ అదే ఎంచుకున్నాడు. అలా పెట్టింది నేను.

ఇప్పుడు నీ డ్రాయింగులు తియ్యి. మూడో కాగితం. జల్లెడ చట్రం చుట్టూ రెండుసార్లు లెక్కపెట్టాను. పద్నాలుగు.

తిట్టకూడదనే అనుకున్నాను. కానీ పక్కనే హెచ్చరిక బొమ్మ అంటించడానికి చోటు కూడా గుర్తించావే, చేయి మీద ఎర్రగీత ఉన్న బొమ్మ! ఆనాడు నేను అన్న "జాగ్రత్త నాయనా" అదే కదమ్మా, నువ్వు దానికి రంగులు వేశావు. ఇంత చదివినదానివి, ఆ బొమ్మ చేయిని ఎలా ఆపుతుందో ఒక్క నిమిషం ఆలోచించలేదా?

జల్లెడలు సొరుగుల్లా పక్కకు జారి బయటికి రావాలి. గుంజే బలాన్ని చట్రం రెండు చివర్లా దిమ్మలు మొయ్యాలి. లీవరు చట్రాన్ని వాటికి అదిమి ఉంచితే చాలు. అప్పుడు పద్నాలుగు బోల్టుల పని రెండు లీవర్లు చేస్తాయి. ఒక్క మనిషి, చేతిలో పనిముట్టు లేకుండా, అయిదు నిమిషాల్లో విప్పగలగాలి. ఆ తర్వాత నేను కట్టిన ప్రతి యంత్రాన్నీ చీకట్లో, చేతులకు తొడుగులు వేసుకుని నేనే విప్పి చూసుకునేవాడిని. తలుపు గడియ తీస్తే మోటారుకు కరెంటు పోవాలి. అది కూడా చాలదు. కరెంటు పోయాక ఫ్యాను ఇంకా కాసేపు తిరుగుతూనే ఉంటుంది, అది నిలిచేదాకా తలుపు తెరుచుకోకూడదు. కదిలే భాగం ఎంత దగ్గరికి వచ్చినా వేలికైతే 25 మిల్లీమీటర్లు, పిడికిలికైతే 100 మిల్లీమీటర్లు మిగలాలని అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ఉంది. నీ కాగితం మీద 15 ఉంది. కొట్టెయ్యి.

యంత్రం మొత్తం ఊగిపోతుందన్న బెంగ ఉంటే దానికి మందు వేరే. రెండు చట్రాలను ఎదురు దిశల్లో ఆడించు. ఒకటి ముందుకు పోతే ఇంకొకటి వెనక్కి రావాలి. నేల మీదికి వెళ్ళే కుదుపు చాలావరకు అక్కడికక్కడే చెల్లిపోతుంది.

ధూళి గురించి కూడా చెప్పాలి. దాన్ని ఊడ్చి పారేసే చెత్తగా చూడకు. 1878 మే 2న అమెరికాలోని మినియాపోలిస్‌లో వాష్‌బర్న్ ఏ మిల్లు పేలి 18 మంది చనిపోయారు. పేలింది మందుగుండు కాదు, గోధుమ పిండి ధూళి. ధాన్యపు ధూళిదీ అదే గుణం. యంత్రాన్ని మూసి ఉంచు, ధూళి పుట్టిన చోటే పీల్చి బయట సైక్లోనుకు, అదే గాలిని సుడి తిప్పి ధూళిని విడదీసే డబ్బాకు, పంపు, ఎలివేటరు బేరింగులను పెట్టెకు బయటే ఉంచు. వేడెక్కితే చేతికి తెలియాలి. ధూళి ఉన్న చోట వెల్డింగు చెయ్యనివ్వకు. "ఒక్క టాకాయే కదా" అంటారు. వద్దు.

రంగు చూసి ఏరే కెమెరా పెడతావట. నా రోజుల్లో అది చేతికి అంది ఉంటే ఎంత బాగుండేదో! దాన్ని వరుసలో అన్నిటికంటే చివర పెట్టు. రాళ్ళూ పొట్టూ దాని దాకా రాకూడదు. మచ్చ గింజను గాలి దెబ్బతో తోసినప్పుడు పక్కనున్న మంచి గింజలు కూడా ఎగిరిపోతాయి, కాబట్టి తోసేసిన దాన్ని ఇంకొకసారి కెమెరా ముందు నుంచి పంపు. కంప్రెసర్ గాలిలో నీళ్ళూ నూనే ఉండకూడదు. అద్దం మీద దుమ్ము పేరుకుంటే ఆ కెమెరా నాకంటే గుడ్డిది.

పరీక్షకు మంచి గింజ తీసుకోకు. దొరికినదాంట్లో అన్నిటికంటే చెడ్డది, తడిది, గడ్డీగాదం ఉన్నది వెతికి తెచ్చుకో. యంత్రం గురించి ఏమీ తెలియని మనిషిని పక్కన పెట్టి నడిపించు. నువ్వు చేతులు కట్టుకుని నోరు మూసుకుని చూడు. జల్లెడ మూసుకుపోగానే అతని చేయి ఎటు వెళ్తుందో గమనించి, వెంటనే యంత్రం ఆపించు. ఆ రాత్రే అక్కడ డ్రాయింగు మార్చు.

మీ నాన్న సంగతి నేను చూసుకుంటాను. వాడి భయమంతా డబ్బు గురించి. అది పోయినా తిరిగి వస్తుందని చెబుతాను. నా భయం ఏమిటో వాడికి చెప్పలేదు, నువ్వూ చెప్పకు. వచ్చే నెల చేతులు చూపించడానికైనా ఒకసారి రా. మీ పెద్దమ్మ నీ గది దులిపి పెట్టింది, నేను నా బల్ల సగం ఖాళీ చేశాను. కొత్త డ్రాయింగు దాని మీద పరిచి చూద్దాం. జవాబు రాసేటప్పుడు మిగతా కబుర్ల కంటే ముందు బోల్టుల లెక్క రాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న

తా.క.: స్పానర్లు ఇంకా నువ్వు పేర్చిన వరుసలోనే ఉన్నాయి. 13వ నంబరుది మాత్రం ఎన్నాళ్ళుగానో కనపడటం లేదు. నీ డ్రాయింగులో ఉన్న 8 మిల్లీమీటర్ల బోల్టులకు సరిగ్గా పట్టేది అదే. నాకు అనుమానంగా ఉంది.